మళ్ళీగారి మందబుద్ధి

మళ్ళీగారికి ఏ విషయమూ మొదటిసారి చెబితే అర్థమయ్యేది కాదు. రెండోసారి చెబితే కొంచెం అయ్యేది. ఆ కొంచెం ఏమిటో తేల్చుకోవడానికి మూడోసారి చెప్పించుకునేవారు. పాఠమైనా అంతే, పలకరింపైనా అంతే. "బాగున్నారా?" అని అడిగిన పాపానికి ఆ ప్రశ్నకి అర్థం విడమరిచి చెప్పి బయటపడేసరికి, అడిగినవాడికే ఒంట్లో నలతగా ఉండేది.

కాలేజీ క్యాంటీన్ వాడికి ఆయన్ని చూస్తే చలిజ్వరం. ఏమేమున్నాయని అడిగితే పాపం వాడు దమ్ము బిగపట్టి మొత్తం ఏకరువు పెట్టేవాడు. ఆయన కళ్ళు మూసుకుని, తల ఊపుతూ, ఆసాంతం విని, "మళ్ళీ ఒక్కసారి మొదట్నుంచి చెప్తావా బాబూ?" అనేవారు. వాడు మళ్ళీ అందుకునేవాడు. అయ్యాక ఆయన టీ తాగేవారు. టీ అనేది ఆ ఏకరువులో మొట్టమొదటి మాట.

ఇప్పుడంటే పాఠాలన్నీ ఫోన్లోనే దొరుకుతున్నాయి. అర్థం కాకపోతే వెనక్కి తిప్పుకుని పదిసార్లు వినొచ్చు, ఎవరూ నవ్వరు. ఆ రోజుల్లో పాఠం నల్లబల్ల మీద ఉన్నంతసేపే. చెరిపేశాక ఇక ఎవరి అదృష్టం వారిది. మళ్ళీగారి కథ ఆ రోజుల నాటిది.

అది ఉద్యోగస్తుల కోసం పొద్దున్నే నడిచే బిజినెస్ స్కూల్. అందరూ క్లాసు అవగానే టిఫిన్ డబ్బాలు చంకన పెట్టుకుని ఆఫీసులకి పరుగెత్తేవాళ్ళు. మొదటిరోజు ఎవరెక్కడ పనిచేస్తారో చెప్పుకోవడంతో పేర్లు మరుగున పడి పనులే పేర్లయ్యాయి. బ్యాంకు కుర్రాడు, మందుల కంపెనీ అమ్మాయి, ఇన్సూరెన్సావిడ, ఇలా. ఒక్క మళ్ళీగారికి మాత్రం పనిని బట్టి కాక బుద్ధిని బట్టి పేరొచ్చింది. నిజానికి ఆయన ఫ్యాన్ల ఫ్యాక్టరీలో ప్రొడక్షన్ మేనేజరు. యాభై దాటాయి. జుట్టు సగమూ మీసం పూర్తిగానూ నెరిసిన ఆ మనిషి ఈ కుర్రకారు మధ్యలో కూర్చుంటే, పిల్లాడి ఫీజు కట్టడానికొచ్చి దారి తప్పి క్లాసులో కూర్చున్నట్టుండేది. ఇంత తెలివితో ఈయన ఫ్యాన్లు ఎలా తిప్పిస్తున్నాడురా అని వెనక నవ్వుకునేవారు.

ఇన్సూరెన్సావిడకి నలభై దగ్గర పడుతున్నాయి. ఆఫీసులో ఆవిడ దగ్గర ఫైలు పట్టుకోవడం నేర్చుకున్న పిల్లలు ఒక్కొక్కరే పెద్ద చదువు చదివొచ్చి ఆవిడకే పైవాళ్ళై కూర్చుంటున్నారు. వాళ్ళలో ఒకడు ఆవిడ భుజం తట్టి, "మీరు బాగానే చేస్తున్నారండీ, ఇలాగే చెయ్యండి" అన్న రోజున ఆవిడ ఈ కాలేజీకి దరఖాస్తు పెట్టింది. భర్త ఓడలో ఇంజినీరు. ఒడ్డుకి చేరినప్పుడల్లా ఫోన్ చేసి "నువ్వు చదవగలవు" అని ధైర్యం చెప్పి, మళ్ళీ సముద్రంలోకి వెళ్ళిపోయేవాడు. ఇంట్లో మిగిలింది ఆవిడా, ఒకటో తరగతి చదివే పాపా.

"ఈ వయసులో చదువేమిటే?" అంది ఆవిడ తల్లి ఫోన్లో. "పిల్లది అఆలు దిద్దుతుంటే పక్కన కూర్చుని నువ్వూ దిద్దుతావా?"

"అవునమ్మా. ఇద్దరికీ ఒకటే పెన్సిళ్ళ డబ్బా. ఖర్చు కలిసొస్తుంది."

ఇంటర్వ్యూలోనూ అదే ప్రశ్న. "చిన్నపిల్ల ఉందంటున్నారు. కుదురుతుందా?" అని అడిగారు. ఆవిడ తలెత్తి, "నా పాప వల్ల క్లాసుకి ఏ లోటూ రాదు" అంది. సీటిచ్చారు. తర్వాత టైమ్‌టేబులూ ఇచ్చారు. పాప బడి గేటు తెరిచే వేళా, ఇక్కడ క్లాసు మొదలయ్యే వేళా ఒకటే! గేటు తెరవకముందు పిల్లని వదిలి వెళ్ళడానికి అక్కడి వాచ్‌మన్ ఒప్పుకోడు. పక్కింటావిడ తనకన్నా ముందే డ్యూటీకి వెళ్ళిపోతుంది. ఎంత పరుగెత్తినా రోజూ పావుగంట ఆలస్యం. ఆ సంగతి పైకి చెబుదామంటే, ఇంటర్వ్యూలో అన్న మాట అడ్డం వచ్చింది. పిల్లని సాకుగా చూపించనని తనకి తనే ఒట్టు పెట్టుకుంది.

మొదటి పీరియడు వేరే ఎవరిదైనా అయితే ఎలాగో గడిచేది. అది ఫైనాన్స్ ప్రొఫెసర్‌ది. ఆయన్ని క్లాసులో అందరూ డస్టర్‌గారు అనేవారు. కుడిచేత్తో రాస్తూ ఎడంచేత్తో తుడిచే మనిషి. మొదటి పావుగంటలో ఆ రోజు సూత్రమంతా బల్ల మీద పెట్టి, చెప్పేసి, చెరిపేసేవారు. మిగతా గంటంతా దాని మీద లెక్కలు, ప్రశ్నలు. ఆ పావుగంట తప్పిపోతే మిగతా గంట చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టే. పైగా మొదటి టర్ములో ఫైనాన్స్ పోయినవాళ్ళు ఇక ఇంటికే, రెండో అవకాశం లేదు. ఇంటికి అంటే, ఆవిడకి భుజం తట్టినవాడి కిందకే.

ఆవిడ మొదటిరోజు పిల్లిలా తలుపు తోసుకుని లోపలికొచ్చి చివరి బెంచీలో కూర్చుంది. బల్ల తళతళా మెరిసిపోతోంది, ఒక్క అక్షరం లేదు. డస్టర్‌గారు చేతులు దులుపుకుంటున్నారు. అప్పుడు ఆ బెంచీలోనే అటు చివర ఒక చెయ్యి లేచింది.

"సార్, మళ్ళీ ఒక్కసారి మొదట్నుంచి చెప్తారా?"

"ఎక్కడ అర్థం కాలేదు?"

"మొదట్లోనే సార్."

"మొదట్లో అంటే ఎక్కడ?"

"మీరు 'గుడ్ మార్నింగ్' అన్నారు చూడండి, అక్కడిదాకా బాగానే ఉందండీ."

క్లాసంతా గొల్లుమంది. డస్టర్‌గారు పళ్ళు కొరికి, సుద్దముక్క తీసుకుని, మొదట్నుంచి చెప్పారు. ఇన్సూరెన్సావిడ గబగబా రాసుకుంది. ఆవేళ ఆవిడకి పాఠం అర్థమైన ఆనందం కన్నా, క్లాసులో తనకన్నా మొద్దు ఇంకొకరున్నారన్న ఆనందం ఎక్కువైంది. గుడ్డికన్నా మెల్ల నయం కదా!

మర్నాడూ అదే తంతు. ఆ మర్నాడూ అదే. డస్టర్‌గారు చెరపడం, ఆయన చెయ్యెత్తడం, వీళ్ళు నవ్వడం. "సార్, ఇవాళ ఎక్కడిదాకా అర్థమైంది?" అని బ్యాంకు కుర్రాడు ఆటపట్టించేవాడు. "సుద్దముక్క తెల్లగా ఉందని తెలిసింది బాబూ, తర్వాత పట్టు దొరకలేదు" అనేవారాయన.

రానురాను ఆవిడకి ఆయన మీద జాలి పట్టుకుంది. ఇంత పెద్దాయన, ఈ వయసులో ఫెయిలైతే ఫ్యాక్టరీలో తలెత్తుకోగలరా? ఒకరోజు క్యాంటీన్లో పట్టుకుంది.

"ఏమీ అనుకోకండి. ఆదివారం మా ఇంటికి రండి. నాకొచ్చినంతవరకు పాఠం చెప్తాను."

మళ్ళీగారు అదిరిపడ్డారు. అటూ ఇటూ చూశారు. "నీకెందుకమ్మా శ్రమ?"

"శ్రమేముందండీ? బుర్రలు అందరికీ ఒకలా ఉండవు కదా. మీరు మొహమాటపడకండి."

"నిజమే" అన్నారాయన, టీ గ్లాసు వంక చూస్తూ.

అలా ఆదివారం బడి మొదలైంది. ఇరుకు వంటింటి పక్కన భోజనాల బల్ల. ఒక పక్క ఆవిడ, ఒక పక్క ఆయన, మధ్యలో బొమ్మల పుస్తకానికి రంగులేస్తూ పాప. ఆయనకి ఒక్క ముక్క ఎక్కించాలంటే నాలుగు రకాలుగా చెప్పాల్సొచ్చేది. నాలుగు రకాలుగా చెప్పాలంటే ముందు తను ఎనిమిది రకాలుగా ఆలోచించాలి. శనివారం అన్నం వండుతూ కూడా ఆవిడ గరిటెతో గాలిలో లెక్కలు వేసేది. డస్టర్‌గారి సూత్రాలు ఆవిడకి నోటికి రావడం అప్పుడే మొదలైంది. మళ్ళీగారి బుర్రకి మాత్రం ఏదీ అంటేది కాదు.

"ఇవాళ చేతికొచ్చే డబ్బుకి విలువెక్కువ. ఏడాది తర్వాత వచ్చే అంతే డబ్బుకి విలువ తక్కువ. ఎందుకూ?" అని ఒక ఆదివారం ఆవిడ మూడోసారి అడిగింది.

"అదే కదమ్మా, ఎందుకూ?" అన్నారాయన.

ఇక పాప ఊరుకోలేకపోయింది. రంగు పెన్సిలు పక్కన పెట్టి, పళ్ళెంలోంచి బిస్కెట్టు తీసింది. "మళ్ళీ తాతా, ఇటు చూడు. ఇప్పుడైతే ఒక బిస్కెట్టు ఇస్తా. రేపైతే రెండిస్తా. ఏది కావాలి?"

"తాతా అనకమ్మా, మావయ్యా అను."

"ముందు జవాబు చెప్పు."

"మళ్ళీ ఒక్కసారి చెప్పు తల్లీ."

పాప మళ్ళీ చెప్పింది. ఆయన కళ్ళు మూసుకుని ఆలోచించారు. కళ్ళు తెరిచేసరికి పాప బుగ్గ ఉబ్బి ఉంది, బిస్కెట్టు లేదు.

"చూశావా? ఆలస్యం చేస్తే ఉన్నదీ పోతుంది" అంది పాప, నములుతూ.

ఫైనాన్స్ మొత్తంలో ఇంతకన్నా బాగా చెప్పినవాళ్ళు లేరని ఆయన ఒప్పేసుకున్నారు. ఆ రోజు నుంచి పాపే ఆయనకి హెడ్‌మిస్ట్రెస్. వినకపోతే చెవి మెలిపెట్టేది.

టర్ము సగం అయ్యేసరికి క్లాసులో తిరుగుబాటు వచ్చింది. బ్యాంకు కుర్రాడు లేచి నిలబడ్డాడు. "సార్, ఈయన వల్ల రోజూ పాఠం రెండుసార్లు నడుస్తోంది. లెక్కలన్నీ చివర్లో హడావుడిగా చేయాల్సొస్తోంది, ఆఫీసులకి లేటవుతోంది. ఒక్కరి కోసం ఇంతమందిమి నష్టపోవాలా?"

ఇన్సూరెన్సావిడకి ఒళ్ళు మండింది. ఎన్నడూ నోరెత్తని మనిషి దిగ్గున లేచింది.

"ఏం మాటలండీ అవి? బుర్ర నెమ్మదిగా పనిచెయ్యడం నేరమా? పాపం, ఆయనకి ఎంత చెప్పినా ఎక్కదు. నేను చెప్తున్నాను కదా, నాకు తెలుసు! ఆదివారం చెప్పింది సోమవారానికి ఉండదు. అయినా రోజూ వస్తున్నారా లేదా? మొద్దులకి చదువుకునే హక్కు లేదా?"

"చాలమ్మా" అన్నారు మళ్ళీగారు మెల్లగా.

"మీరుండండి! మీ తరఫున మాట్లాడేవాళ్ళు లేకే ఇలా అయిపోయారు. ఒక మనిషి మందబుద్ధిగా పుడితే..."

"అమ్మా, నీకు పుణ్యముంటుంది, కూర్చో."

డస్టర్‌గారు బల్ల మీద డస్టరుతో కొట్టారు. ఇకనుంచి క్లాసులో చెప్పింది తిరిగి చెప్పడం ఉండదు, అర్థం కానివాళ్ళు సాయంత్రం తన గదికి రావాలి అని తేల్చేశారు. కుర్రాళ్ళు బల్లలు చరిచారు. మళ్ళీగారు కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నారు.

తన కాళ్ళ కింద నేల కదిలిందని ఆవిడకి మర్నాడు గానీ తెలియలేదు. ఎప్పటిలా పరుగెత్తుకొచ్చి కూర్చుంది. బల్ల తళతళా ఉంది. చెయ్యి లేవలేదు. డస్టర్‌గారు నేరుగా లెక్కలోకి దిగిపోయారు. ఆ గంటంతా ఆవిడకి ఒక్క ముక్క అంటలేదు. సాయంత్రం గదికి వెళదామంటే, ఆ వేళకి ఆఫీసు నుంచి పాప బడికి పరుగు. రెండు వారాలకే ఫలితం కనిపించింది. చిన్న పరీక్షలో ఆవిడ పేపరు మీద ఎర్రసిరా, దాని కింద డస్టర్‌గారి చేతిరాత: చివరి పరీక్షా ఇలాగే ఉంటే సెలవు తీసుకోవచ్చు.

ఆవిడ ఆ పేపరు మడిచి, పాప టిఫిన్ సంచీలో అడుక్కి తోసేసింది. ఆ రాత్రి తల్లి ఫోన్ చేస్తే "బాగా నడుస్తోందమ్మా" అంది. సీటు వదిలేద్దామా అన్న ఆలోచన మొదటిసారి వచ్చింది.

అదే వారంలో కాలేజీ వాళ్ళు అందర్నీ ఇద్దరిద్దరిగా ఫ్యాక్టరీల పరిశీలనకి పంపారు. ఇన్సూరెన్సావిడకీ బ్యాంకు కుర్రాడికీ మళ్ళీగారి ఫ్యాన్ల ఫ్యాక్టరీయే వచ్చింది. ఆయన ఎదురొచ్చి తీసుకెళతారనుకుంటే ఆయన జాడ లేదు. సూపర్‌వైజరమ్మ చూపించసాగింది. తీగ చుట్టే గది, రెక్కలకి రంగు వేసే గది, తయారైన ఫ్యాన్లు వరసగా వేలాడుతూ తిరిగే గది. అక్కడ ఆ హోరులో దూరంగా మళ్ళీగారు కనిపించారు. చెవి దగ్గర ఫోను, ఎదురుగా ముగ్గురు మనుషులు, ముగ్గురూ ఒకేసారి మాట్లాడుతున్నారు. ఆయన ఒకడి మాట సగంలో ఉండగానే తల ఊపి పంపించేశారు. రెండోవాడు నోరు తెరిచాడో లేదో, "అర్థమైంది, రెండో లైను ఆపు" అన్నారు. మూడోవాడి మొహం చూసే జవాబు చెప్పారు.

బ్యాంకు కుర్రాడు సూపర్‌వైజరమ్మ వైపు తిరిగాడు. "ఆయనకి అన్నీ... ఒక్కసారికే అర్థమైపోతాయా?"

సూపర్‌వైజరమ్మ నవ్వింది. "ఒక్కసారా? మాకు ఒక్కసారి పూర్తిగా చెప్పే భాగ్యం కూడా లేదండీ. సగంలోనే అర్థమైందంటారు. చెప్పిందే చెబితే ఒంటికాలి మీద లేస్తారు. మేమంతా చాటున ఆయన్ని అర్థమైందిగారు అంటాం."

ఇన్సూరెన్సావిడ అక్కడే ఒక పెట్టె మీద కూర్చుండిపోయింది. మళ్ళీగారు తమ వైపు వచ్చేలోపు, ముఖ్యమైన పనుందని చెప్పి బయటపడింది. బస్సులో కూర్చుని ఒక్కొక్కటీ గుర్తు చేసుకుంది. ఆయన చెయ్యెత్తేది డస్టర్‌గారి క్లాసులోనే. అదీ తను వచ్చి, కూర్చుని, పుస్తకం తెరిచాకే. తక్కిన క్లాసుల్లో ఆయన నోట్లోంచి మాట వచ్చింది ఎప్పుడు? వీటన్నిటి మీదా తను నిండు క్లాసులో చేసిన ఉపన్యాసం ఒకటి. అది తల్చుకుంటే ఆవిడకి నవ్వూ సిగ్గూ కలిసి వచ్చాయి. పక్క సీటాయన భయపడి కొంచెం దూరం జరిగాడు.

ఇంకొకరు తన కోసం మొద్దు వేషం కట్టగా లేనిది, తను నిజం చెప్పడానికేం? మర్నాడు ఆఫీసులో సెలవు పెట్టి, బడి వదలగానే పాపని వెంటబెట్టుకుని నేరుగా డస్టర్‌గారి గదికి వెళ్ళింది. పాప మెడలో ఇంకా నీళ్ళసీసా వేలాడుతూనే ఉంది.

"సార్, దీన్ని బడి గేటులోకి పంపితే గానీ నేను రాలేను. అందుకే రోజూ మీ పావుగంట పోతోంది. పాప వల్ల లోటు రాదని ఇంటర్వ్యూలో అన్నాను, అందుకే ఇన్నాళ్ళూ చెప్పలేదు."

"ఆ ఇంటర్వ్యూలో నేనూ ఉన్నాను" అన్నారు డస్టర్‌గారు. "లోటు క్లాసుకి రాలేదమ్మా. మీకొచ్చింది." కాసేపు సుద్ద అంటిన వేళ్ళు రుద్దుకున్నారు. "ఇదా సంగతి? మరి ఆయనకేం పట్టింది?"

"ఎవరికి సార్?"

"మీ మళ్ళీగారికి. రెండు వారాలుగా సాయంత్రం సాయంత్రం వచ్చి నా ప్రాణం తీస్తున్నాడు. చివర్లో వేసే హాజరు ముందుకి మార్చండి, పాఠం పేర్లు పిలిచాక మొదలుపెట్టండి అంటాడు. ఎవరి కోసమయ్యా అంటే, నా కోసమే సార్, క్లాసులో అందరి పేర్లూ వింటే గానీ నా బుర్ర పనిచెయ్యదు అంటాడు! ఇదెక్కడి రోగమని నిన్ననే తిట్టి పంపాను."

ఇన్సూరెన్సావిడ పైటచెంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది. నవ్వుతుంటే కళ్ళు తడిశాయి. అమ్మ ఎందుకు నవ్వుతోందో తెలియకపోయినా పాపా నవ్వింది. చివరికి డస్టర్‌గారి మూతి కూడా ఓ పక్కకి వంకర తిరిగింది. ఆయన్ని ఎరిగినవాళ్ళు దాన్ని నవ్వనే అంటారు.

ఆ సోమవారం నుంచి హాజరు ముందుకొచ్చింది. డస్టర్‌గారు ఒక్కొక్క పేరూ పెళ్ళి మంత్రంలా సాగదీసి పిలిచేవారు. ఇన్సూరెన్సావిడ పేరు వరసలోంచి తీసి చిట్టచివర పెట్టారు. ఆవిడ ఆయాసపడుతూ గుమ్మంలో అడుగు పెట్టి "ప్రెజెంట్ సార్" అనేది, అప్పుడు సుద్దముక్క లేచేది. మళ్ళీగారు ఇక క్యాంటీన్లో కూడా "మళ్ళీ" అనడం మానేశారు. మూడు రోజులు చూసి బ్యాంకు కుర్రాడు ఉండబట్టలేక, "సార్, ఒంట్లో బాగాలేదా?" అని అడిగాడు.

చివరి పరీక్షలో ఆవిడ గట్టెక్కింది. గట్టెక్కడమేమిటి, నలుగురికీ చెప్పుకునేంత మార్కులొచ్చాయి. మళ్ళీగారిది అందరికన్నా పైన పేరు. కుర్రకారు మొహాలు మాడిపోయాయి. ఆవిడ మాత్రం తిన్నగా క్యాంటీన్‌కి వెళ్ళి ఆయన ఎదురుగా కూర్చుంది.

"ఫ్యాక్టరీలో చూశాను. డస్టర్‌గారు చెప్పారు. నాకంతా తెలిసింది. ముందే ఎందుకు చెప్పలేదండీ?"

ఆయన దొరికిపోయిన దొంగలా మీసం సవరించుకున్నారు. "నేను కాలేజీకొచ్చే మా ఫ్యాక్టరీ బస్సు మీ పాప బడి ముందునుంచే వస్తుందమ్మా. మొదటిరోజు నుంచీ, తెరవని గేటు దగ్గర పాప చెయ్యి పట్టుకుని, ఒక కాలు ముందూ ఒక కాలు వెనకా పెట్టి నిలబడేదానివి. చెబితే సిగ్గుపడి మానేస్తావు. ఎవరో మొద్దువెధవ అడిగాడంటే నవ్వుకుని రాసుకుంటావు."

"మరి ఈ క్యాంటీన్ వాణ్ణి కూడా ఏడిపించారెందుకు?"

"కుక్క వేషం వేశాక మొరగక తప్పుతుందా? ఇక్కడ చురుగ్గా ఉంటే అక్కడ దొరికిపోనూ?"

"నేను పాఠం చెబుతానన్నప్పుడైనా..."

"అప్పుడే నిజంగా ఇరుక్కున్నాను. వద్దంటే తెలిసిపోతుంది. సరేనంటే ఆదివారం పోతుంది. కానీ ఒక మాట చెప్పనా? రెండో ఆదివారానికే నాకు నమ్మకం కుదిరింది, నువ్వు పాసవుతావని. నువ్వు చెప్పినంత బాగా మాకెవరూ చెప్పలేదు." గ్లాసు కింద పెట్టి లేచారు. "ఆ, ఇదంతా పాపకి మాత్రం చెప్పకు."

చెప్పలేదు. కోర్సు అయిపోయింది. ఆవిడ తన శాఖకి మేనేజరయింది, భుజం తట్టినవాడు వేరే ఊరికి బదిలీ చేయించుకున్నాడు. పాప రెండో తరగతిలోకొచ్చింది. ఆ ఏడాది వాళ్ళ బడిలో ఎక్కాలు మొదలుపెట్టారు. ఓడ నుంచి సెలవుకొచ్చిన భర్త ఒక ఆదివారం తలుపు తీసి చూస్తే, నెరిసిన మీసాల పెద్దమనిషి ఒకాయన భోజనాల బల్ల ముందు చేతులు కట్టుకుని నిలబడి ఉన్నారు.

"మూడు మూళ్ళు?" అంది పాప, స్కేలు పట్టుకుని.

ఫ్యాన్ల ఫ్యాక్టరీ ప్రొడక్షన్ మేనేజరు, కాలేజీలో ఫస్టు వచ్చిన మనిషి, పైకప్పు వంక చూశారు, వేళ్ళు లెక్కపెట్టుకున్నారు, గట్టిగా ఆలోచించి, "ఎనిమిదా అమ్మా?" అన్నారు.